షెడ్డులో ఎలుక పెంటికలు చీపురుతో ఊడ్చేశాను, ఇప్పుడు టెన్షన్‌గా ఉంది

గుట్టకిందిల్లు | ఏప్రిల్ 12, రాత్రి 11:40

అందరికీ నమస్కారం. కొలరాడోలో ఫోర్ట్ కాలిన్స్‌కి పడమర, కొండలు మొదలయ్యే చోట నిరుడు ఇల్లు కొన్నాం. పెరట్లో పాత చెక్క షెడ్డు ఉంది. చలికాలమంతా తెరవలేదు. నిన్న శనివారం గడ్డి కోసే మెషిన్ బయటికి తీద్దామని తలుపు తీస్తే అరల మీద, మూలల్లో నల్లజీలకర్ర చల్లినట్టు ఎలుక పెంటికలు. మెషిన్ సీటు చించి లోపలి స్పాంజితో గూడు కూడా కట్టాయి.

నేనేం చేశానంటే, మా ఊళ్లో ధాన్యం కొట్టు ఊడ్చినట్టు చీపురు పట్టి పావుగంట ఊడ్చాను. మాస్కు లేదు, తలుపు సగమే తీసి ఉంది. దుమ్ము లేచి నాలుగైదు తుమ్ములొచ్చాయి. మిగిలింది వాక్యూమ్‌తో లాగేశాను.

ఇవాళ మాటల్లో పక్కింటాయనకి చెబితే ఆయన మొహం మారిపోయింది. "హంటా వైరస్ గురించి వినలేదా?" అన్నాడు. అప్పట్నుంచి ఫోన్ కింద పెట్టలేదు. 100 మందికి వస్తే 38 మంది పోతారని చదివాను. మా అమ్మ ఒంగోలు నుంచి వచ్చి ఉంది. "ఎలుకల మధ్య పుట్టి పెరిగినవాడివి, వాటి పెంటికలకి భయపడతావేంట్రా" అంటోంది. మా అమ్మాయికి అయిదేళ్లు, నేను ఊడుస్తుంటే షెడ్డు గుమ్మం దాకా వచ్చింది. తెలిసినవాళ్లెవరైనా చెప్పండి. నిద్ర పట్టేట్టు లేదు.

సందేహాలరావు | ఏప్రిల్ 12, రాత్రి 11:58

తమ్ముడూ, ముందు ఆ 38 సంగతి. అది జబ్బు వచ్చినవాళ్లలో, షెడ్డు ఊడ్చినవాళ్లలో కాదు. అమెరికా మొత్తం మీద 1993 నుంచి 2022 చివరి దాకా లెక్కకెక్కిన కేసులు 864. ముప్ఫయ్యేళ్లలో. ఈ ముప్ఫయ్యేళ్లలో నీలా ఎంతమంది షెడ్లు ఊడ్చి ఉంటారో ఊహించుకో. పడుకో.

ల్యాబుకోటు | ఏప్రిల్ 13, ఉదయం 6:15

రావు గారు లెక్క సరిగ్గానే చెప్పారు గానీ "పడుకో" అని వదిలేసే విషయం కాదు. నేను వైరాలజీ ల్యాబులో పనిచేస్తాను, డాక్టర్ని కాను.

ఈ వైరస్ ఎలుక మూత్రంలో, పెంటికల్లో, లాలాజలంలో ఉంటుంది. తడిగా ఉన్నంతసేపు ఉన్నచోటే ఉంటుంది. ఎండి పొడయ్యాక చీపురు తగిలితే దుమ్ముతో లేస్తుంది, ఆ దుమ్ము పీలిస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అందుకే పొడి పొడిగా ఊడవొద్దు, వాక్యూమ్ పెట్టొద్దు అంటారు. మీరు సరిగ్గా ఆ రెండూ చేశారు. తిట్టడానికి చెప్పట్లేదు. ఇక్కడికొచ్చిన మనవాళ్లలో సగంమంది అదే చేస్తారు.

మామూలు గది వేడిలో ఈ వైరస్ రెండు మూడు రోజులు బతుకుతుంది. ఎండ పడితే తొందరగా చస్తుంది. గడ్డకట్టే చలిలో మాత్రం ఇంకా ఎక్కువ రోజులు ఉంటుంది. కాబట్టి పెంటికలు పాతవా కొత్తవా అన్నది ముఖ్యం. అంతకంటే ముఖ్యం అవి ఏ ఎలుకవి అన్నది. చూశారా?

గుట్టకిందిల్లు | ఏప్రిల్ 13, ఉదయం 7:02

ఇవాళ పొద్దున బోనులో ఒకటి పడింది. దగ్గరికి పోకుండా ఫోన్ జూమ్ చేసి చూశాను. పైన లేత గోధుమ రంగు. పొట్ట, కాళ్లు తెల్లగా, సున్నం వేసినట్టు. కళ్లు మిరియాల్లా నల్లగా ఉబ్బి ఉన్నాయి, చెవులు పెద్దవి. తోక పైన నలుపు, కింద తెలుపు, మధ్యలో గీత గీసినట్టు ఉంది. నిజం చెప్పాలంటే ముద్దుగా ఉంది.

ల్యాబుకోటు | ఏప్రిల్ 13, ఉదయం 7:20

డీర్ మౌస్. జింక రంగు కాబట్టి ఆ పేరు. ఇళ్లలో తిరిగే మామూలు చిట్టెలుకకి ఒళ్లంతా ఒకే బూడిద రంగు, తోక కూడా అంతే. ఈ రెండు రంగుల తోకే గుర్తు. అమెరికా పడమటి వైపు హంటాని మోసేది ప్రధానంగా ఇదే. ప్రతి డీర్ మౌస్‌లోనూ వైరస్ ఉంటుందని కాదు. 1993లో జబ్బు బయటపడ్డ చోట పట్టిన వాటిలో దాదాపు మూడింట ఒక వంతుకి తగిలి ఉంది. అది బాగా ఎక్కువ ఉన్న ఏడు.

మీరు చేయాల్సింది: ఏప్రిల్ 11 అని క్యాలెండర్‌లో రాసుకోండి. వస్తే ఒకటి నుంచి ఎనిమిది వారాల్లోపు వస్తుంది, అంటే జూన్ 6 దాకా. జ్వరం, విపరీతమైన నీరసం, తొడలు, నడుము, భుజాల్లో పెద్ద కండరాల నొప్పులు ముందు వస్తాయి. దగ్గు, ఆయాసం నాలుగైదు రోజుల తర్వాత మొదలై, ఊపిరితిత్తులు నీటితో నిండిపోతాయి. అది గంటల్లో ముదురుతుంది. జ్వరం రాగానే ఆస్పత్రికి పోయి "ఎలుకల షెడ్డు ఊడ్చాను" అని మీరే ముందు చెప్పండి. వాళ్లు అడిగేదాకా ఆగొద్దు. దీనికి ప్రత్యేకంగా మందు లేదు, కానీ ముందుగా ఐసీయూలో చేరినవాళ్లు బతికే అవకాశం ఎక్కువ.

అల్బకర్కీ_అక్క | ఏప్రిల్ 13, మధ్యాహ్నం 1:30

మేం న్యూ మెక్సికోలో 20 ఏళ్లుగా ఉంటున్నాం. ఇక్కడ ఇది అందరికీ తెలుసు. స్కూల్లో పిల్లలకి కూడా చెబుతారు.

1993 మే నెలలో నవాహో అనే ఇక్కడి ఆదివాసి తెగ కుర్రవాడొకడు, మంచి రన్నరు, ఊపిరాడక పోయాడు. కొన్ని రోజుల ముందే అతను పెళ్లి చేసుకోబోయే అమ్మాయి కూడా అలాగే పోయింది. దాంతో డాక్టర్లకి అనుమానం వచ్చి వెతికితే న్యూ మెక్సికో, అరిజోనా, కొలరాడో, యూటా కలిసే ఆ మూలలో ఇంకొన్ని కేసులు బయటపడ్డాయి. అందరూ ఆరోగ్యంగా ఉన్న వయసు వాళ్లే. కొన్ని వారాల్లో అది హంటా జాతి వైరస్ అని తేల్చారు. అప్పటిదాకా హంటా అంటే ఆసియాలో, యూరప్‌లో కిడ్నీలు దెబ్బతీసే జబ్బు. ఇక్కడిది ఊపిరితిత్తుల మీద పడింది.

పేరు పెట్టడం ఒక పెద్ద గొడవ. ఏ ఊరి పేరు పెడితే ఆ ఊరివాళ్లు ఒప్పుకోలేదు. చివరికి సిన్ నోంబ్రే అన్నారు, స్పానిష్‌లో "పేరు లేనిది" అని. నాకైతే అది పేరు పెట్టడం కంటే చేతులెత్తేయడంలా అనిపిస్తుంది. ఈలోపు పేపర్లవాళ్లు "నవాహో ఫ్లూ" అని రాసేశారు, ఆ జనం ఎక్కడికెళ్లినా దూరం పెట్టారు.

నాకు నచ్చిన భాగం ఇది. నవాహో పెద్దవాళ్లని అడిగితే, వానలు మంచు బాగా పడిన ఏడు పినోన్ అనే పైన్ చెట్ల గింజలు విరగ్గాస్తాయని, ఎలుకలు పెరుగుతాయని, ఎలుకలు పెరిగిన ఏడు జనం పోతారని చెప్పారు. 1918లో, 1933-34లో అలాగే అయిందన్నారు. ఎలుక తగిలిన బట్టలు కాల్చేయాలనీ, తిండి దగ్గరికి వాటిని రానీయకూడదనీ వాళ్లకి ముందు నుంచీ ఉంది. శాస్త్రవేత్తల లెక్కలు కూడా అక్కడికే వచ్చాయి. ఎల్‌నినో వల్ల 1992-93లో వానలు పడి, డీర్ మౌస్‌లు అంతకుముందు ఏడాది కంటే దాదాపు పది రెట్లయ్యాయి.

పొలంగట్టు | ఏప్రిల్ 13, సాయంత్రం 4:10

మాది తెనాలి దగ్గర. చిన్నప్పుడు వరి కోతల ముందు మా నాన్న యానాదుల్ని పిలిపించేవాడు. వాళ్లు గట్టు మీద కలుగు చూసి, మిగతా బొక్కలు మట్టితో మూసి, ఒక కుండలో గడ్డి పెట్టి నిప్పేసి, కుండ అడుగున ఉన్న చిల్లిలోంచి పొగ ఊదేవాళ్లు. ఎలుక ఉక్కిరిబిక్కిరై బయటికొస్తే చేత్తోనే పట్టేవాళ్లు. కలుగులో దాచిన వరి కంకులు కూడా తవ్వి తీసుకుపోయేవాళ్లు, అది వాళ్ల హక్కు. ఎలుకలు కూడా వండుకునేవాళ్లు. ఒట్టి చేతులతోనే ఇంత పని చేసినా హంటా అన్న మాటే వినలేదు. ఇక్కడ తోక రంగు చూసి భయపడుతున్నాం. నాకేమో ఇదంతా అమెరికా హడావుడి అనిపిస్తోంది.

సందేహాలరావు | ఏప్రిల్ 13, సాయంత్రం 4:25

సగం ఒప్పుకుంటాను. మిగతా సగం, మనూళ్లో ఎవరికైనా జ్వరమొచ్చి పోతే ఏ జ్వరమని ఎవడు టెస్ట్ చేశాడు?

పశువులడాక్టరమ్మ | ఏప్రిల్ 13, రాత్రి 8:45

రావు గారు సరైన చోట పట్టుకున్నారు. మనకి ఎలుకల వల్ల వచ్చేవాటిలో బాగా తెలిసినది లెప్టోస్పైరోసిస్, "ఎలుక జ్వరం". అది బాక్టీరియా. ఎలుక మూత్రం కలిసిన నీళ్లలో పుండు పడ్డ కాళ్లతో దిగితే వస్తుంది, వరి నాట్ల వాళ్లకి, కాలువలు శుభ్రం చేసేవాళ్లకి. స్క్రబ్ టైఫస్ కూడా ఎలుకల మీద బతికే సన్నటి పురుగుల వల్లే. ఇవి రెండూ వైరస్‌లు కావు, యాంటీబయాటిక్‌కి లొంగుతాయి. హంటా లొంగదు. మూడూ మొదట్లో జ్వరం, ఒళ్లు నొప్పులే.

ఇక "అమెరికా హడావుడి" అన్నారు కాబట్టి. మనుషులు ల్యాబులో వేరుచేసి దొరకబుచ్చుకున్న మొట్టమొదటి హంటా వైరస్ ఎక్కడిదో తెలుసా? వేలూరుది. 1964లో మెదడువాపు వ్యాధి సర్వేలో తోటపాళయం అనే పేటలో పట్టిన చుంచెలుకలో దొరికింది. కొరియాలో హంటాన్ నది పేరుతో ఈ జాతికి పేరు రావడానికి పదేళ్లకి పైగా ముందే. కానీ అది హంటా జాతిదని అప్పుడు ఎవరికీ తెలీదు, ఫలానా అని తేలని వైరస్‌గా ఫ్రీజర్‌లో ఉండిపోయింది. ఇంకో తమాషా, చుంచు అసలు ఎలుకే కాదు. మూతి సన్నగా, కంపు కొడుతూ, గోడ వారగా పరిగెత్తేది, పురుగులు తినే వేరే జాతి. మనుషులకి దానివల్ల పెద్దగా జబ్బు చేసినట్టు కనబడలేదు.

పొలంగట్టు | ఏప్రిల్ 13, రాత్రి 9:00

వేలూరా!! సరే అమ్మా, మాట వెనక్కి తీసుకున్నాను. మరి పందికొక్కు?

సందేహాలరావు | ఏప్రిల్ 13, రాత్రి 9:04

పందికొక్కు అనే మన మాటే ఇంగ్లీషులో బాండికూట్ అయింది. ఆస్ట్రేలియాలో సంబంధం లేని ఇంకో జంతువుకి కూడా ఆ పేరు తగిలించారు. తెలుగువాళ్లు ప్రపంచానికి ఇచ్చిన అతి కొద్ది మాటల్లో ఒకటి పందికొక్కు కావడం మన అదృష్టం.

మోడరేటర్ | ఏప్రిల్ 13, రాత్రి 9:30

పందికొక్కు చర్చకి వేరే థ్రెడ్ తెరవండి. ఇక్కడ ఒకాయన టెన్షన్‌లో ఉన్నారు.

గుట్టకిందిల్లు | ఏప్రిల్ 14, ఉదయం 6:50

పర్లేదు సార్, నిన్న మొదటిసారి నవ్వాను. రెండు ప్రశ్నలు. ఆ ఎలుక చూస్తే హుషారుగా ఉంది, వైరస్ ఉంటే దానికేం కాదా? నాకొస్తే మా అమ్మకి, పాపకి అంటుకుంటుందా?

పశువులడాక్టరమ్మ | ఏప్రిల్ 14, మధ్యాహ్నం 12:15

మొదటిది నా సబ్జెక్టు కాబట్టి కాస్త పెద్దగా రాస్తాను, తిట్టుకోవద్దు.

డీర్ మౌస్‌కి జబ్బు చేయదు. వైరస్ దాని ఒంట్లో చేరితే జీవితాంతం ఉంటుంది, అది తింటుంది, తిరుగుతుంది, పిల్లల్ని పెడుతుంది. ఒక హంటాకి ఒక ఎలుక జాతి ఇల్లు. కొరియా హంటాన్‌కి వీపు మీద నల్లచార ఉన్న పొలం ఎలుక, సియోల్ వైరస్‌కి ఊరి మురుగు ఎలుక, ఇలా. ఎంతో కాలంగా కలిసి బతికి సర్దుకున్నాయి. ఎలుక నుంచి ఎలుకకి ఎక్కువగా కొట్లాటల్లో కాట్ల వల్ల పోతుంది. అందుకే ఒంటి మీద గాయాలున్న పెద్ద మగ ఎలుకల్లో ఎక్కువ కనిపిస్తుంది. పిల్లలు పుడుతూనే తెచ్చుకోవు.

జబ్బు వచ్చేది ఆ ఇంట్లోకి కొత్తవాళ్లు పోయినప్పుడు. అంటే మనం. మన ఒళ్లు దాన్ని చూసి కంగారుపడి చేసే హడావుడి వల్లే సగం నష్టం, రక్తనాళాల్లోంచి నీరు కారిపోవడం. మన నుంచి అది ఎక్కడికీ పోలేదు. వైరస్‌కి మనిషి మూసేసిన సందు.

కానీ ప్రతి ఎలుక వైరస్ ఇంత బుద్ధిగా ఉండదు. మార్మోసెట్ అనే బుల్లి కోతులు జూల్లో లివరు పాడై చచ్చిపోయేవి, ఎందుకో తెలిసేది కాదు. చివరికి చూస్తే, బలానికని వాటికి పెట్టిన చిట్టెలుక పిల్లల్లో ఎల్‌సీఎమ్‌వీ అనే వైరస్ ఉంది. చిట్టెలుకకి ఏమీ కాదు, కోతి చచ్చిపోతుంది. 2005లో అమెరికాలో అదే వైరస్ పెంపుడు హామ్‌స్టర్ నుంచి అవయవాలు దానం చేసిన మనిషికి, ఆ అవయవాలతో పాటు నలుగురికి పోయింది, ముగ్గురు చనిపోయారు.

2003లో ఘనా నుంచి పెంపకానికని ఆఫ్రికా ఎలుకల్ని విమానంలో తెచ్చారు. అమ్మే చోట వాటి పక్క బోనుల్లో ప్రెయరీ డాగ్స్ ఉన్నాయి, అవీ ఎలుక జాతే, అమెరికావి. వాటికి అంటుకుంది, కొనుక్కున్న ఇళ్లలో మనుషులకి అంటుకుంది, 47 కేసులు. ఆ వైరస్ పేరు మంకీపాక్స్! 1958లో కోపెన్‌హాగన్ ల్యాబులో కోతుల్లో మొదట కనబడింది కాబట్టి ఆ పేరు, కోతి పాపం ఏమీ ఎరగదు. గోమసూచి (కౌపాక్స్) వైరస్‌ది కూడా అంతే, దాని అసలు ఇల్లు ఆవు కాదు, యూరప్ పొలాల్లో తిరిగే ఎలుకలు. ఎలుకని పట్టిన పిల్లికి, పిల్లి నుంచి మనిషికి. మనం ఎక్కడ మొదట చూస్తే దాని పేరు పెట్టేస్తాం.

రెండో ప్రశ్న ల్యాబుకోటు గారికి.

ల్యాబుకోటు | ఏప్రిల్ 14, సాయంత్రం 5:40

సిన్ నోంబ్రే మనిషి నుంచి మనిషికి పోయిన దాఖలా లేదు. పాపని ఎత్తుకోండి, అమ్మ చేతి అన్నం తినండి.

హంటాల్లో ఒక్కటి మాత్రం పోతుంది, దక్షిణ అమెరికాలో ఆండీస్ వైరస్. అర్జెంటీనాలో ఎపుయెన్ అనే చిన్న ఊళ్లో 2018 నవంబరులో ఒకాయన జ్వరంతోనే పుట్టినరోజు పార్టీకి వెళ్లాడు. 2019 ఫిబ్రవరికి 34 మందికి వచ్చింది, 11 మంది పోయారు. అనుమానం ఉన్నవాళ్లని ఇళ్లలోనే ఉంచేశాక ఆగింది. ఎందుకు ఆండీస్‌కే ఈ గుణం వచ్చిందో ఇంకా తేలలేదు, మా ల్యాబుల్లో నిద్ర చెడగొట్టే ప్రశ్న అదే. కొలరాడోలో ఆ వైరస్ లేదు.

గట్టిగాకొట్టు | ఏప్రిల్ 14, రాత్రి 10:20

ఇంత సోది ఎందుకు? విషం పెట్టండి, రెండు పిల్లుల్ని తెచ్చుకోండి, షెడ్డు తగలబెట్టండి. అయిపోయింది.

పశువులడాక్టరమ్మ | ఏప్రిల్ 14, రాత్రి 10:41

విషం తిన్న ఎలుకని గుడ్లగూబో నక్కో తింటుంది, అదీ చస్తుంది. ఎలుకల్ని తినేవి పోతే మిగిలేవి ఎలుకలే. పనామాలో ఒక ప్రయోగంలో, హంటా మోయని చిన్న జంతువుల్ని కావాలని తీసేసి చూశారు. మోసే ఎలుకలు పెరిగాయి, వాటిలో వైరస్ తగిలినవీ పెరిగాయి. పిల్లి బయట పట్టిన ఎలుకని తెచ్చి మీ దిండు పక్కనే పెడుతుంది, పిల్లులున్నవాళ్లని అడగండి. షెడ్డు తగలబెడితే ఫైర్ ఇంజిన్ వస్తుంది.

అల్బకర్కీ_అక్క | ఏప్రిల్ 14, రాత్రి 11:05

అసలు మందు కన్నాలు మూయడమే. కాలిఫోర్నియాలో యోసెమిటీ నేషనల్ పార్కులో 2009లో కొత్త రకం టెంట్ క్యాబిన్లు కట్టారు, చలి తగలకుండా రెండు పొరల గోడలు. ఆ పొరల మధ్య డీర్ మౌస్‌లు కాపురం పెట్టాయి. 2012లో పదిమందికి జబ్బు, ముగ్గురు పోయారు. దాదాపు అందరూ ఆ రకం క్యాబిన్లలో పడుకున్నవాళ్లే. ఆ క్యాబిన్లన్నీ తీసేశారు. పావు అంగుళం సందు చాలు దానికి.

గుట్టకిందిల్లు | ఏప్రిల్ 19, రాత్రి 9:15

ఇవాళ పని పూర్తి చేశాను. ముందు తలుపు, కిటికీ అరగంట తెరిచి పెట్టి దూరంగా నిలబడ్డాను. ఎన్-95 మాస్కు, రబ్బరు గ్లౌజులు. ఒక వంతు బ్లీచ్‌కి తొమ్మిది వంతుల నీళ్లు అప్పటికప్పుడు కలిపి, పెంటికల మీద, గూటి మీద మెల్లగా, దుమ్ము లేవకుండా తడిపాను. ఫోన్‌లో అయిదు నిమిషాలు టైమర్ పెట్టాను. తర్వాత పేపర్ టవల్స్‌తో తుడిచి, రెండు సంచుల్లో ఒకదాంట్లో ఒకటి కట్టి పారేశాను. గ్లౌజులు విప్పే ముందు వాటినీ బ్లీచ్ నీళ్లలో కడిగాను. వాక్యూమ్ ఏం చేయాలో తెలీక సంచితో సహా తడిపి పక్కన పెట్టాను.

గూటిలో ఏమున్నాయో చెబితే నమ్మరు. సీటు స్పాంజి, పక్షులకి వేసిన పొద్దుతిరుగుడు గింజల తొక్కలు, మా పాప గులాబీ రంగు సాక్సు ఒకటి. ఆ సాక్సు కోసం డిసెంబరులో ఇల్లంతా వెతికాం. పాప ఏడ్చింది. గూట్లో ఏడుపొచ్చేది ఇంకొకటి కూడా ఉంది, నాలుగు ఎలుక పిల్లలున్నాయి, అప్పటికే చల్లబడిపోయాయి. బోనులో పడింది తల్లి అయి ఉంటుంది. దాని గురించి పాపకి చెప్పలేదు.

కన్నాలన్నీ స్టీల్ పీచు కుక్కి మూశాను. పక్షుల గింజల సంచి రేకు డబ్బాలోకి మార్చాను. ఎలుకలకి చలికాలమంతా భోజనం పెట్టింది నేనే.

సందేహాలరావు | ఏప్రిల్ 19, రాత్రి 9:32

సాక్సు ఉతికి ఇవ్వమాకు.

గుట్టకిందిల్లు | మే 4, తెల్లవారుజాము 3:20

ఎవరైనా మేలుకుని ఉన్నారా? 101 జ్వరం. తొడలు లాగుతున్నాయి. నిన్న పార్కులో క్రికెట్ ఆడాను, అందుకా, లేక అదా? 23వ రోజు ఇది.

ల్యాబుకోటు | మే 4, తెల్లవారుజాము 3:26

ఇక్కడ అడగొద్దు. ఇప్పుడే ఎమర్జెన్సీకి పొండి. డోరు దగ్గరే "డీర్ మౌస్, ఏప్రిల్ 11" అని చెప్పండి. ప్లేట్‌లెట్లు చూడమనండి, ఈ జబ్బులో అవి ముందే పడిపోతాయి. డ్రైవింగ్ మీరు చేయొద్దు.

గుట్టకిందిల్లు | మే 4, మధ్యాహ్నం 2:45

ఇంటికొచ్చాం. నా భార్య డ్రైవ్ చేసింది. మొదట చూసినావిడ ఫ్లూ టెస్ట్ చేసి పంపేద్దామనుకుంది. ఎలుకల మాట చెప్పగానే కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది. ప్లేట్‌లెట్లు 2,40,000, ఎక్స్‌రే శుభ్రం, ఆక్సిజన్ 98. ఫ్లూ పాజిటివ్, పాప డేకేర్ నుంచి తెచ్చింది. హంటా యాంటీబాడీ టెస్టుకి రక్తం పంపారు, ఫలితం రావడానికి కొన్ని రోజులు పడుతుందట. రేపు మళ్లీ ప్లేట్‌లెట్లు చూపించుకోమన్నారు.

పొలంగట్టు | మే 4, మధ్యాహ్నం 3:10

జ్వరం వచ్చిందని ఇంత సంతోషంగా రాసినవాణ్ణి నిన్నే చూశాను తమ్ముడూ.

గుట్టకిందిల్లు | మే 11, రాత్రి 8:05

టెస్టు నెగటివ్. అమ్మ ఒంగోలు నుంచి తెచ్చుకున్న క్యాలెండర్‌లో ఏప్రిల్ 11 నుంచి రోజుకొక గీత పెడుతోందని నాకు ఇవాళే తెలిసింది, తిథుల పక్కన పెన్సిల్‌తో. ఎలుకలంటే భయమెందుకన్నది ఆవిడే. నెగటివ్ వచ్చిందమ్మా అంటే, "జూన్ 6 దాకా ఉందిగా" అని ఇవాళ్టి గీత కూడా పెట్టింది.

వాక్యూమ్ ఏం చేయాలో ఇంకా ఎవరూ చెప్పలేదు.